బొటానిక్ గార్డెన్ వేసవి సైన్స్ ఫెస్టివల్‌లో వాలంటీర్ ఇంటర్న్: ఏ స్టాల్ పెట్టాలి, ఎక్కడ తేడా కొడుతుంది?

1. కొత్తచిగురు

అందరికీ నమస్కారం. ఎడిన్‌బరోలో ప్లాంట్ సైన్స్ ఎమ్మెస్సీ చేస్తున్నాను. ఇక్కడ ఒక బొటానిక్ గార్డెన్‌లో జులై ఆఖర్న నాలుగు రోజుల సైన్స్ ఫెస్టివల్ ఉంది. నన్ను వాలంటీర్ ఇంటర్న్‌గా తీసుకున్నారు. నా వంతు ఒక స్టాల్. వాళ్లిచ్చేది ఇది: గుడారంలో 2 మీటర్ల బల్ల ఒకటి, కుర్చీలు రెండు, ఇద్దరు తోటి వాలంటీర్లు. కరెంటు ఉండదు. కొళాయి నడిచి వెళ్లాల్సినంత దూరం. రోజుకి 5 గంటలు నడవాలి. వచ్చేది ఎక్కువగా 5 నుంచి 11 ఏళ్ల పిల్లలు, వెంట తల్లిదండ్రులు.

రెండు మూడు ప్రయోగాలు రాసి పంపమన్నారు. ప్రస్తుతానికి అనుకున్నవి: స్ట్రాబెర్రీ డీఎన్‌ఏ, ఆకు రంగుల క్రొమటోగ్రఫీ (ఆకులోని రంగుల్ని కాగితం మీద విడగొట్టడం), పత్రరంధ్రాలు, అత్తిపత్తి. ఇలాంటివి నడిపినవాళ్లు కొలతలతో సహా చెబితే మేలు.

2. గాజుపలక

ప్రయోగం ఎంచుకునే ముందు లెక్క వేసుకోండి. 5 గంటలంటే 300 నిమిషాలు. ఒక కుటుంబం మీ బల్ల దగ్గర 5 నిమిషాలుంటే, విడతకి నలుగురు చొప్పున 60 విడతలు, 240 మంది. అంటే మీ పని 5 నిమిషాల్లో మొదలై 5 నిమిషాల్లో ముగియాలి. మధ్యలో వచ్చినవాళ్లకీ అర్థం కావాలి. 20 నిమిషాలు ఆగితే గానీ ఫలితం కనబడని ప్రయోగం తరగతి గదికి బాగుంటుంది, గుడారానికి కాదు. ఈ ఒక్క గీటురాయి మీద మీ జాబితా గీసి చూడండి, క్రొమటోగ్రఫీ అక్కడే ఆగిపోతుంది.

ఇంకో మాట. పిల్ల చేతికి పని లేకపోతే స్టాల్ లేనట్టే. మీరు చేస్తూ వాళ్లు చూస్తుంటే ఒక నిమిషం నిలబడతారు. వాళ్లే చేస్తే అమ్మానాన్న పిలిచినా కదలరు.

3. పత్రరంధ్రం

పత్రరంధ్రాలకి చాలామంది గోళ్ల రంగు పద్ధతి చెబుతారు: ఆకు అడుగున రంగులేని నెయిల్ పాలిష్ పల్చగా పూసి, ఆరాక పారదర్శక టేపు అంటించి పీకి, స్లైడు మీద అద్దడం. పనిచేస్తుంది గానీ ఆరడానికి 10 నిమిషాలు కావాలి, మూసిన గుడారంలో వాసన నిలిచిపోతుంది, ఉబ్బసం ఉన్న పిల్లలకి ఇబ్బంది. గాలిలో తేమ ఎక్కువుంటే పొర తెల్లగా పాలలా మసకబారుతుంది. నూగు ఉన్న ఆకుల మీద అచ్చు అసలే పడదు. చేయాలనుకుంటే ముందురోజు ఇంట్లో 20 అచ్చులు తీసి స్లైడ్ల మీద అంటించి తెచ్చుకోండి.

దానికన్నా రియో ఆకు పట్టుకోండి. మన బడి పాఠాల్లో ఉన్నదే. అక్కడ ట్రాడెస్కాన్షియా స్పతేసియా అని లేబుల్ ఉంటుంది. ఆకు పైన పచ్చగా, అడుగున ఊదాగా ఉంటుంది. అడుగువైపు మీకు కనబడేలా పట్టుకుని ఏటవాలుగా ఒక్క కుదుపుతో చించండి. చిరిగిన అంచున ఉల్లిపొరలాంటి ఊదా పొర వేలాడుతుంది. పట్టకారుతో లాగి, గోరంత ముక్క కత్తిరించి, స్లైడు మీద నీటిచుక్కలో పరిచి, పైన కప్పే పల్చటి గాజు బిళ్ల, అదే కవర్ స్లిప్, ఒక వైపు నుంచి మెల్లగా వాల్చండి. నిటారుగా వేస్తే గాలిబుడగలు పడతాయి. పిల్లలు ఆ నల్లటి గుండ్రాలనే కణాలనుకుంటారు.

100 రెట్లలో చూస్తే నేలకి పరిచిన ఊదా బిళ్లల్లా కణాలు, వాటి మధ్య అక్కడక్కడ పత్రరంధ్రానికి అటూ ఇటూ జంట చిక్కుడు గింజల్లా పచ్చటి రక్షక కణాలు. బాహ్యచర్మంలో పత్రహరితం ఉండేది ఆ రక్షక కణాల్లోనే గనక అవి మాత్రమే పచ్చగా కనబడతాయి. రంగు వేయక్కర్లేదు, ఏది దేనికి తేడానో చెప్పక్కర్లేదు, కళ్లే చెబుతాయి.

అసలు వేడుక ఆ తర్వాత. 100 మి.లీ. నీళ్లలో 5 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణం సిద్ధంగా ఉంచండి. కవర్ స్లిప్‌కి ఒక పక్కన చుక్క వేసి, ఎదురు పక్కన బ్లాటింగ్ పేపరు ముక్క ఆనిస్తే ఉప్పునీరు లోపలికి లాగుకుంటుంది. రెండు నిమిషాల్లోపే ఊదారంగు కణం గోడ నుంచి విడిపోయి మధ్యకి ముడుచుకుంటుంది. మన పిల్లలైతే మాగాయ ముక్కల్లో ఊట దిగడం గుర్తుచేస్తే చాలు. అక్కడి పిల్లలకి ఉప్పు చల్లిన దోసకాయ ముక్క ఒక గిన్నెలో పెట్టి చూపించండి, పది నిమిషాలకి చుట్టూ నీళ్లు చేరతాయి.

జాగ్రత్త: రియో రసం కొందరి చర్మానికి దురద పెడుతుంది. చించడం మీరే చేయండి, పిల్లల చేత చుక్కలు వేయించండి.

4. తోటపని

ఇక్కడ ఒక్కటి స్పష్టంగా చెప్పాలి. ఇంటర్న్‌వి కదా అని తోటలో ఆకు తుంచకూడదు. బొటానిక్ గార్డెన్‌లో చాలా మొక్కలకి ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారన్న చిట్టా ఉంటుంది, ఒక్కోసారి ప్రపంచంలో ఆ చోటు నుంచి వచ్చిన ఆ ఒక్క మొక్కే ఉండొచ్చు. గ్రీన్‌హౌస్ బాధ్యులకి ఇప్పుడే జాబితా పంపండి: రియో 3 కుండీలు, ఫెర్న్ ఆకులు 4, అత్తిపత్తి 15 కుండీలు, అని అంకెలతో. అడిగితే తమ దగ్గర అదనంగా ఉన్నవి వాళ్లే ఏరి ఇస్తారు.

అత్తిపత్తికి 15 ఎందుకంటే, ముడుచుకున్న ఆకు మళ్లీ విచ్చుకోవడానికి 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది. పదే పదే తాకుతుంటే స్పందన సన్నగిల్లుతుంది కూడా. ఒకే కుండీ పెడితే మొదటి కుటుంబానికి తప్ప ఎవరికీ ఏమీ కనబడదు. బల్ల మీద 3, వెనక పెట్టెలో 12. ప్రతి 5 నిమిషాలకి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి. కుండీకి రంగు దారం కట్టి వరస ప్రకారం తిప్పండి, లేకపోతే అలిసిన కుండీయే మళ్లీ ముందుకొస్తుంది. పిల్లలు కుండీకి ఒక్క ఆకే, ఒక్క వేలితోనే తాకాలని ముందే చెప్పాలి. కాండానికి ముళ్లుంటాయి.

స్కాట్లండ్ జులై మన జులై కాదు. చలికి అత్తిపత్తి మందగిస్తుంది, మబ్బుపట్టి చీకటైతే తనంతట తానే ముడుచుకుంటుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టె మూతలా బోర్లిస్తే లోపల కాస్త వెచ్చగా ఉంటుంది. విత్తనం నుంచి పెంచాలంటే 8 వారాలైనా కావాలి. వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి నాటాలి, లేకపోతే పెంకు గట్టిగా ఉండి సరిగా మొలవవు. మే దాటితే ఆశ వదులుకోండి.

ఈగలని పట్టే వీనస్ ఫ్లైట్రాప్ కూడా పెట్టమంటారు మీ నిర్వాహకులు. పెట్టండి గానీ తాకనివ్వొద్దు. సుమారు 20 సెకన్లలోపు రెండుసార్లు వెంట్రుక కదిలితేనే ఉచ్చు మూసుకుంటుంది, ఒక్కో ఉచ్చు కొన్నిసార్లు మూసుకున్నాక చచ్చిపోతుంది. 240 మంది వేళ్లు దాన్ని ఒక్కరోజులో నల్లగా మాడ్చేస్తాయి. గంటకి ఒకసారి, వేళ ప్రకటించి, మీరే ఒక్క ఉచ్చు మూయించండి.

5. కొత్తచిగురు

కుండీలు అలా తిప్పాలని తట్టనే లేదు, ధన్యవాదాలండీ. గ్రీన్‌హౌస్ వాళ్లకి ఈరోజే రాస్తాను.

ఇంకా మూడు సందేహాలు. క్రొమటోగ్రఫీ పూర్తిగా వదిలేయాలా? డీఎన్‌ఏ ప్రయోగం మీద మీ అభిప్రాయం ఏమిటి? విత్తనాలు ఎలా ప్రయాణిస్తాయో చూపించడానికి మా ఊరి నుంచి జిల్లేడు దూది, మద్దికాయలు, తడి తగిలితే పేలే చిటపట కాయలు తెప్పించుకుందామనుకుంటున్నాను, ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు కదా.

6. థేమ్స్‌గట్టు

మూడోదానికి ముందు జవాబు: వద్దు తల్లీ. ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు, పురుగులు లేవన్న అధికారిక పత్రం) లేకుండా మొలకెత్తగల విత్తనాలు, మొక్కలు బ్రిటన్‌లోకి తేకూడదు. పైగా మీరు వాటిని పెట్టేది ఎక్కడ? వేల జాతుల సేకరణ ఉన్న తోటలో. ఒక కాయలో దాగిన పురుగు గానీ, బూజు గానీ గ్రీన్‌హౌస్‌కి చేరితే మీ స్టాల్ గురించి ఎవరూ మంచిగా చెప్పుకోరు. మద్దికాయ అయిదు రెక్కలు బొమ్మ గీసి చూపించండి. చేతిలో పెట్టడానికి అక్కడ దొరికే సికమోర్ చెట్టు రెక్కకాయలున్నాయి.

రెండోది వీసా. మన విద్యార్థులు ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే. డిగ్రీ స్థాయి స్టూడెంట్ వీసాకి టర్మ్‌లో వారానికి 20 గంటల పని పరిమితి, వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. మీలా టాట్ మాస్టర్స్ (తరగతులు, చివర డిసర్టేషన్ ఉండే కోర్సు) వాళ్లకి వేసవి సెలవు కిందికి రాదు. డిసర్టేషన్ నడుస్తున్నంత కాలం టర్మ్ కిందే లెక్క. ఇక స్వచ్ఛందంగా చేసే పనిలో రెండు రకాలున్నాయి. ఒప్పందం లేకుండా, జీతగాడి స్థానంలో కాకుండా, దారిఖర్చులు, భోజనం తప్ప మరేమీ తీసుకోకుండా చారిటీకి చేసేది వాలంటీరింగ్, అది 20 గంటల్లోకి రాదు. ఇన్ని గంటలు రావాల్సిందే అన్న కట్టుబాటు, ప్రతిఫలం ఉంటే జీతం లేకపోయినా అది పని కిందే లెక్క, 20 గంటల్లోకి వస్తుంది. "ఇంటర్న్" అన్న పేరు చూసి ఏదీ తేల్చుకోవద్దు. వాళ్లిచ్చిన కాగితం మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి పంపి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

పిల్లల భద్రత గురించి కూడా: ఇంగ్లండ్‌లో డీబీఎస్, స్కాట్లండ్‌లో పీవీజీ అని నేరచరిత్ర తనిఖీలుంటాయి, మీ పాత్రకి అవసరమో కాదో తోటవాళ్లే చెప్పాలి. అవసరం లేదన్నా నియమాలు అవే. ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు. ఫొటో తీయాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. తప్పిపోయిన పిల్ల మీ దగ్గరికొస్తే చెయ్యి పట్టుకుని వెతకడానికి బయల్దేరొద్దు. అక్కడే, ఇంకో వాలంటీర్‌ని పక్కన పెట్టుకుని, నిర్వాహకులకి కబురు చేయాలి.

7. పత్రరంధ్రం

క్రొమటోగ్రఫీ గురించి. పాలకూర ఆకుని వడపోత కాగితం మీద, అడుగు నుంచి 2 సెం.మీ. ఎత్తులో నాణెంతో రుద్ది, 1 సెం.మీ. ద్రావణిలో నిలబెట్టి, సీసా మూత పెట్టాలి. మూత లేకపోతే ద్రావణి పైకెక్కకుండా ఆవిరైపోతుంది. ఎసిటోన్, పెట్రోలియం ఈథర్ మిశ్రమంలో రంగులు చక్కగా విడిపోతాయి: అన్నిటికన్నా పైన నారింజ పసుపు కెరోటిన్, కింద నీలిపచ్చ క్లోరోఫిల్ ఎ, దానికింద పసుపు కలిసిన ఆకుపచ్చ క్లోరోఫిల్ బి. కానీ పిల్లలు గుమిగూడే గుడారంలో ఆ ఆవిర్లకి ఏ తోటా ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు. మందుల షాపు స్పిరిట్‌తో చేస్తే పచ్చటి మరకా, పైన పసుపు గీతా తప్ప మరేమీ రావు. ఇంట్లో చేసిన ఒక పట్టీని నల్ల కవర్లో దాచి తెచ్చి చూపించండి. వెలుతురు తగిలితే పత్రహరితం వెలిసిపోతుంది.

దాని బదులు శంఖుపుష్పం. దింటెన పువ్వు అంటారు కొన్నిచోట్ల. అక్కడి ఆసియా దుకాణాల్లో ఎండు పువ్వులు టీ కోసం అమ్ముతారు. 200 మి.లీ. వేడినీళ్లలో 10 పువ్వులు, 10 నిమిషాలు, వడకట్టండి. ముదురు నీలం దిగుతుంది. నిమ్మరసం తగిలితే ఊదా, ఇంకా వేస్తే గులాబీ. వంటసోడా ద్రావణం తగిలితే పచ్చదనం తిరుగుతుంది. సోడా 100 మి.లీ.కి ఒక చెంచా.

కప్పులు వద్దు, లామినేట్ చేసిన కాగితం మీద మూడు గుండ్రాలు గీయండి. ఒక్కో గుండ్రంలో 5 చుక్కలు. మనిషికి 15 చుక్కలు, 240 మందికి 3,600 చుక్కలు. మి.లీ.కి సుమారు 20 చుక్కలు గనక రోజంతటికీ 180 మి.లీ. చాలు. గుడ్డతో తుడిస్తే తర్వాతి పిల్లకి కాగితం సిద్ధం. కడగడానికి కొళాయి దాకా పరుగెత్తే పని లేదు.

తేడా కొట్టేది నీళ్ల దగ్గర. లండన్ కొళాయి నీళ్లు, మన బోరు నీళ్లు గట్టివి, క్షారం వైపు మొగ్గుతాయి. నిమ్మ చుక్కలు రెట్టింపు పడతాయి. ఎడిన్‌బరో నీళ్లు మెత్తనివి, మీకు ఆ బెడద లేదు. ఎలా అయినా డిస్టిల్డ్ వాటర్ లీటరు దగ్గర పెట్టుకోండి. పువ్వుల నీళ్లు వెచ్చటి రోజున సాయంత్రానికే పులుస్తాయి, ఐసు ట్రేలో గడ్డకట్టించి రోజుకి సరిపడా కరిగించుకోండి. మిగిలిపోయిన నిమ్మా సోడా ఒకే సీసాలో పోసి బిరడా బిగిస్తే లోపల గ్యాసు పుట్టి మూత ఎగురుతుంది. తుక్కు సీసా ఎప్పుడూ మూత తీసే ఉంచండి.

8. మేనెల_ఎండ

పత్రరంధ్రం గారు డీఎన్‌ఏ సంగతి వదిలేశారు, నేను చెబుతాను, నేను దానికి అనుకూలం. పిల్లలు గాజుగొట్టంలో తెల్లటి పోగులు లేవడం చూస్తే ఇంటికెళ్లి పదిమందికి చెబుతారు. 240 మంది చేత చేయించక్కర్లేదు, పిసకడం మాత్రం వాళ్ల చేత చేయించి, మిగతాది గంటకి రెండుసార్లు ప్రదర్శనగా చేస్తే సరిపోతుంది.

కొలత: స్ట్రాబెర్రీలు 3, లేదా సగం అరటిపండు, జిప్ సంచీలో బాగా పిసకాలి. 100 మి.లీ. నీళ్లలో అర చెంచా ఉప్పు, రెండు చెంచాల గిన్నెల సబ్బు ద్రవం నురగ రాకుండా కలిపి పోయాలి. సబ్బు కణపొరల్ని కరిగిస్తుంది, ఉప్పు డీఎన్‌ఏ పోగులు ఒకదాన్నొకటి నెట్టుకోకుండా దగ్గర చేస్తుంది. పల్చటి గుడ్డలో వడకట్టి, గొట్టంలోకి 10 మి.లీ. తీసుకుని, ఫ్రీజర్‌లో పెట్టిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (స్పిరిట్) 10 మి.లీ. గోడ వెంబడి జారవిడవాలి. రెండు పొరలు కలిసిపోకూడదు. పోగులు ఆ సరిహద్దులో కడతాయి.

రాకపోతే కారణాలు మూడే: స్పిరిట్ వెచ్చబడటం, దభాలున పోయడం, నురగ. స్ట్రాబెర్రీనే ఎందుకంటే దాని కణంలో క్రోమోజోముల సెట్టు ఎనిమిది ప్రతులుగా ఉంటుంది. మెత్తగా కూడా నలుగుతుంది.

9. పత్రరంధ్రం

కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. నా అభ్యంతరం రెండిటి మీద. కరెంటు లేని గుడారంలో 5 గంటలు స్పిరిట్‌ని ఐసుచల్లగా ఉంచడం కష్టం, మంటలంటుకునే ద్రవం పిల్లల మధ్య పెడుతున్నామని రిస్క్ అసెస్‌మెంట్‌లో (ప్రమాదాల అంచనా పత్రంలో) రాయాలి. ఇక రెండోది మాటకి సంబంధించింది. ఆ తెల్లటి పోగుని చూపించి "ఇదే డీఎన్‌ఏ" అనకండి. అందులో ప్రొటీన్లు, పెక్టిన్ కూడా కలిసి ఉంటాయి. "ఇందులో డీఎన్‌ఏ ఉంది" అనండి. సైన్స్ పండుగలో పిల్లకి తప్పు వాక్యం ఇచ్చి పంపితే పదేళ్లు మోస్తుంది.

10. మేనెల_ఎండ

రెండోది ఒప్పుకుంటున్నాను, మంచి మాట. మొదటిదానికి థర్మోకోల్ పెట్టెలో ఐసు, అందులో 50 మి.లీ. సీసాలు నాలుగు, ఒక్కోసారి ఒక్కటే బయటికి. ఉండే మొత్తం స్పిరిట్ 200 మి.లీ. మించదు, సీసా వాలంటీర్ చేతిలోనే ఉంటుంది. నిర్వాహకులు కాదంటే మాత్రం పట్టుబట్టొద్దు.

11. గాజుపలక

మైక్రోస్కోపు సంగతులు.

అద్దం ఉన్న మైక్రోస్కోపు అయితే అద్దాన్ని ఎన్నడూ సూర్యుడి వైపు తిప్పకూడదు, కన్ను పోతుంది. ఆకాశం వైపో, తెల్లటి గోడ వైపో తిప్పాలి. మీకు కరెంటు లేదు కాబట్టి ఛార్జింగ్ ఎల్‌ఈడీ ఉన్నవి అడగండి, రెండు అడగండి, పవర్‌బ్యాంక్ ఒకటి మీ సంచీలో ఉంచుకోండి. బయట వెలుతురులో మైక్రోస్కోపులో బొమ్మ మసకగా కనబడుతుంది, బల్లని గుడారం లోపలి మూలకి తిప్పి వీపు వెలుగువైపు ఉండేలా పెట్టాలి.

40 అంకె ఉన్న వస్తుకటకాన్ని తిప్పకుండా టేపు చుట్టండి. చిన్న చేతులు ముందు అదే తిప్పుతాయి, అది స్లైడుకి గుద్దుకుని గాజూ కటకమూ రెండూ పోతాయి. 4, 10 చాలు. ఫోకస్ సరిచేసే పెద్ద మీటని కూడా ముట్టుకోనివ్వకుండా, చిన్న మీట మాత్రమే తిప్పమనండి. 5 ఏళ్లవాళ్లకి ఒక కన్ను మూయడం రాదు, కనురెప్పల వెంట్రుకలే చూసి "కనబడింది" అంటారు. "ఏ రంగు కనబడింది?" అని అడగండి, నిజంగా చూసిందీ లేనిదీ తేలిపోతుంది. వాళ్లకోసం 10 రెట్ల చేతి భూతద్దం వేరేగా ఉంచండి: భూతద్దం కంటికి ఆనించి, ఆకుని దగ్గరికి తేవాలి. అందరూ తిరగేసి పట్టుకుంటారు. భూతద్దాలని ఎండలో కాగితాల మీద వదలకండి, కాగితాలకి నిప్పంటుకుంటుంది.

ఉన్నవాటిల్లో స్టీరియో మైక్రోస్కోపు దొరికితే అదృష్టం. 20 రెట్లలో ఫెర్న్ ఆకు అడుగు చూపించండి. స్లైడు లేదు, కవర్ స్లిప్ లేదు, రెండు కళ్లతో చూడొచ్చు. గోధుమరంగు మచ్చల్లో మిరియాల కుప్పల్లా సిద్ధబీజాశయాలుంటాయి, అంటే ఫెర్న్ బీజాల సంచులు. ఒక్కోదాని వీపు మీద గొంగళిపురుగులాంటి కణాల వరస ఉంటుంది. అందులో నీరు ఆవిరవుతున్నకొద్దీ ఆ వరస వెనక్కి వంగి ఆశయాన్ని తెరుస్తుంది, ఒక దశలో కణాల్లో బుడగ పుట్టి పట్టు తప్పుతుంది, దెబ్బకి విల్లులా ముందుకి కొట్టుకుని బీజాలు చిమ్ముతుంది. కళ్లముందే టప్ టప్‌మని దూకుతాయి. చిటపట కాయలు తెప్పించలేకపోయానన్న దిగులు అక్కర్లేదు.

12. సామర్లకోట_సెంటరు

మీరున్నది ఎడిన్‌బరో గనక మీ స్టాల్ బోర్డు మీద రాయదగ్గ ఒక మాట చెప్పకుండా ఉండలేను. విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండ్‌లో పుట్టి, ఎడిన్‌బరోలో జాన్ హోప్ దగ్గర వృక్షశాస్త్రం చదివి, ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి, గోదావరి సీమలో మా సామర్లకోటలో తోట వేసి, అక్కడి మొక్కల్ని స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, తెలుగు పేర్లతో సహా రాసుకున్నాడు. 1793లో కలకత్తా బొటానిక్ గార్డెన్‌కి వెళ్లాడు, 1815లో ఎడిన్‌బరోలోనే పోయాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో వచ్చింది.

ఇందులో పిల్లలకి పనికొచ్చేది ఒకటుంది. సోమిద చెట్టు బెరడు జ్వరానికి వాడతారని ఆయన రాశాడు. ఆ చెట్టు శాస్త్రీయ నామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. ముందు సగం మన తెలుగు మాట, వెనక సగం "జ్వరాన్ని తరిమేది" అనే లాటిన్ మాట. లాటిన్ పేర్లంటే బెదిరే పిల్ల చేత ముందు సోమిద అనిపించండి, తర్వాత పూర్తి పేరు. ఏ ఫీజూ లేని ప్రదర్శన ఇది, ఒక ఏ3 కాగితం చాలు.

13. మేనెల_ఎండ

మధ్యలో నాదో ప్రశ్న. హైదరాబాద్‌లో మే నెలలో ఇదే పని చేయాలి, ఆరుబయట. పైవాటిలో ఏవి నిలబడతాయి?

14. తోటపని

ఉదయం 7 నుంచి 10 లోపు ముగించండి, ఆ తర్వాత పిల్లలకీ మంచిది కాదు, మొక్కలకీ కాదు. రియో పొర స్లైడు మీద రెండు నిమిషాల్లో ఎండిపోతుంది, పక్కన నీటి డ్రాపర్ పట్టుకుని ఒక మనిషి ఉండాలి. అత్తిపత్తి వేడికి సంతోషంగా ఉంటుంది గానీ కుండీ తడారితే వాలిపోతుంది, తాకకముందే ముడుచుకున్నట్టు కనబడుతుంది. నీడలో తడి గోనెసంచి మీద పెట్టండి. స్పిరిట్ ప్రయోగం వద్దే వద్దు. మీకు అనుకూలం విత్తనాలు: జిల్లేడు దూది, ఉత్తరేణి బట్టకి అంటుకోవడం, పల్లేరు ముళ్లు, నెమలినార రెక్కలు, ఏగిస బిళ్లలు. జిల్లేడు ఎండు కాయలే తేవాలి, పచ్చి కొమ్మ తేవొద్దు, పాలు కళ్లలో పడితే ప్రమాదం. గన్నేరు, ఆముదం గింజలు, గురివింద అసలు బల్ల మీదికే రాకూడదు, ఎంత అందంగా ఉన్నా.

చిటపట కాయల్ని ఎండినవి డబ్బాలో పొడిగా దాచి, అరచేతిలో పెట్టి ఒక నీటిచుక్క వేయించండి. దానికి మించిన స్టాల్ లేదు.

15. గాజుపలక

విత్తనాలు తేలేనివాళ్లకి కాగితం హెలికాప్టర్. ఏ4 కాగితాన్ని 4 సెం.మీ. వెడల్పు, 14 సెం.మీ. పొడవు పట్టీలుగా కోస్తే అడ్డంగా 5, నిలువుగా 2, మొత్తం 10 వస్తాయి. 240 మందికి 24 కాగితాలు, 30 తీసుకెళ్లండి. పై సగం 7 సెం.మీ. నిలువునా మధ్యలో కత్తిరించి, ఒక రెక్క ముందుకి, ఒకటి వెనక్కి మడవాలి. కింది సగం మూడు మడతలు పెట్టి కాగితపు క్లిప్పు. రెండు రెక్కలూ ఒకే వైపు మడిస్తే తిరగదు, రాయిలా పడుతుంది. అది పొరపాటుగా వదిలేయకుండా, "ఎందుకు తిరగలేదు?" అని వాళ్లనే అడగండి. కోతలన్నీ ముందే చేసి మడతలు మాత్రం పిల్లలకి వదలండి, కత్తెర బల్ల మీద ఉంచొద్దు. గాలి వీచే గుమ్మం దగ్గర కాకుండా లోపలి మూలలో ఎగరేయించండి.

16. థేమ్స్‌గట్టు

మాట్లాడే తీరు గురించి ఒక్కటి. "కిరణజన్య సంయోగక్రియ అంటే తెలుసా?" అని మొదలెడితే పరీక్ష పెట్టినట్టుంటుంది, పిల్ల అమ్మ వెనక్కి వెళ్తుంది. "ఈ ఆకుకి నోళ్లున్నాయి, ఎక్కడో వెతుకుతావా?" అంటే చెయ్యి చాస్తుంది. మాట పిల్లతో, చూపు అప్పుడప్పుడు పెద్దవాళ్ల వైపు. తెలియని ప్రశ్న వస్తే ఒక కాగితం మీద రాసుకుని తోట శాస్త్రవేత్తని అడిగి బోర్డు మీద అంటించండి, మర్నాడు వచ్చినవాళ్లు అదే చదువుతారు.

ముగ్గురు మనుషులంటే ఇద్దరు ముందు, ఒకరు వెనక కడగడం, నింపడం, లెక్కపెట్టడం. 45 నిమిషాలకి ఒకసారి మారాలి, లేకపోతే మధ్యాహ్నానికి గొంతు పోతుంది. గుడారం కాళ్లకి 10 లీటర్ల నీళ్ల డబ్బాలు ఒక్కోటి కట్టారో లేదో ఉదయమే చూసుకోండి. బరువు లేని గుడారం గాలికి లేస్తుంది, మైక్రోస్కోపులతో సహా.

17. కొత్తచిగురు

అందరి మాటా కలిపి ఇలా రాసి పంపుతున్నాను: రియో ఉప్పునీటితో, శంఖుపుష్పం చుక్కలు, అత్తిపత్తి 15 కుండీల వరస, స్టీరియో కింద ఫెర్న్, కాగితం హెలికాప్టర్లు, సోమిద బోర్డు. డీఎన్‌ఏ వదిలేశాను, కరెంటు లేదన్నదే కారణం. ఇంటర్నేషనల్ ఆఫీసుకి కాగితం పంపాను.

ఫెర్న్ ఒక్కటే అనుమానం. వేడి దీపం ఉంటే గానీ దూకవని చదివాను, నా దగ్గర ఉన్నది ఎల్‌ఈడీ. ఆకులు ముందురోజు కోసి సంచీలో ఉంచనా?

18. తోటపని

ఎల్‌ఈడీకి వేడి ఉండదు, నిజమే. మందుల షాపులో గ్లిజరిన్ కొనండి. మచ్చల్ని సూదితో నీటిచుక్కలోకి గీకి, పక్క నుంచి ఒక చుక్క గ్లిజరిన్ అందించండి. అది కణాల్లోని నీటిని లాగేస్తుంది, వేడి లేకుండానే వంగి కొట్టుకుంటాయి. ఒక్క చుక్క చాలు, ఎక్కువైతే జిగటలో కదలిక నెమ్మదిస్తుంది.

ఆకులు ముందురోజు కోస్తే తడి గుడ్డ చుట్టి బిగుతైన ప్లాస్టిక్ సంచీలో ఉంచాలి. కాగితం సంచీలో పెడితే రాత్రికి రాత్రే ఎండి అన్నీ పేలిపోతాయి, ఉదయం సంచీ అడుగున గోధుమరంగు పొడి మాత్రం మిగులుతుంది. వీలైతే ఆ ఉదయమే కోయమనండి. మచ్చలు ముదురు గోధుమరంగులో నిగనిగలాడుతున్నవి ఏరండి. పచ్చగా ఉన్నవి ఇంకా పండలేదు, చిరిగి పీచులా కనబడేవి అప్పటికే దూకేశాయి.